32 ఏళ్ళ వయసులో కొత్తగా మొదలుపెట్టాలి: బాక్సింగా, జూడోనా, కరాటేనా?

కాజీపేట జంక్షన్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నా వయసు 32, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 84 కిలోలు. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. ఇంతకుముందు ఏ యుద్ధవిద్యా నేర్చుకోలేదు. మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు నొప్పి పెడుతుంది. లిగమెంట్లు బాగానే ఉన్నాయి, తొడ కండరాలు బలపడాలి అని డాక్టరు చెప్పారు.

వారానికి మూడు సాయంత్రాలు, గంటన్నర చొప్పున ఇవ్వగలను. పోటీలకు వెళ్ళే ఉద్దేశం లేదు. ఒళ్ళు దారికి రావాలి, ఎవడైనా మీదకి వస్తే కాళ్ళూ చేతులూ ఆడాలి. దగ్గర్లో కమ్యూనిటీ హాల్లో కరాటే, స్టేడియంలో బాక్సింగ్, ఒక జూడో క్లబ్బు, కొత్తగా తెరిచిన ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) జిమ్ము ఉన్నాయి. జిమ్ములో ముయే థాయ్, బ్రెజిలియన్ జుజిట్సు రెండూ చెప్తారట. రెండు రోజుల క్రావ్ మగా వర్క్‌షాపు ప్రకటన కూడా చూశాను. ఏది తీసుకోమంటారు? మొదట ఏం కొనాలి?

మూడు నిమిషాల రౌండు

పేరు చూసి ఎంచుకోకండి. ఎదుటివాడు నిజంగా అడ్డుకుంటూ ఉండగా సాధన చేయిస్తున్నారా లేదా అన్నది ముందు చూడండి. బాక్సింగ్‌లో స్పారింగ్, జూడోలో రందోరి, జుజిట్సులో రోలింగ్, మన తాలీంలలో (కుస్తీ అఖాడాల్లో) జోర్: అన్నిట్లోనూ జరిగేది అదే. వరుసగా నిలబెట్టి గాల్లో గుద్దులు గుద్దించి, మూడు నెలలకో బెల్టు పరీక్ష పెట్టే చోట ఎన్నేళ్ళున్నా, మొహం మీదికి చెయ్యి వస్తే కళ్ళు మూసుకుపోవడం మానదు. అది మానాలంటే గుద్దులు నిజంగా రావాలి. తక్కువ జోరుతో, కొన్ని వందల సార్లు.

కరాటే అన్న బోర్డు ఒకటే అయినా లోపల జరిగేది చాలా వేరుగా ఉంటుంది. షోటోకాన్ శైలి పోటీల్లో దెబ్బను అదుపులో పెట్టి పాయింట్లు లెక్కేస్తారు. దూరం అంచనా, వేగం బాగా వస్తాయి, కానీ దెబ్బ తిని నిలబడడం అలవాటు కాదు. ఓయమా స్థాపించిన క్యోకుషిన్ శైలిలో ఒంటి మీద పూర్తి బలంతో కొడతారు. అయితే మొహానికి చేత్తో గుద్దడం నిషేధం కాబట్టి చేతులు కిందికి జారే అలవాటు పడుతుంది. ఒలింపిక్ శైలి టైక్వాండో పోటీలోనూ మొహానికి గుద్దు లేదు. మీ కమ్యూనిటీ హాల్లో ఏ శైలి చెప్తున్నారో, పెద్దవాళ్ళకి స్పారింగ్ ఉందో లేదో అడగండి. పిల్లల బ్యాచ్‌లోనే పెద్దవాళ్ళనీ కలిపేస్తుంటే వదిలేయండి.

మీ పరిస్థితికి నా ఓటు బాక్సింగ్‌కే. నేర్చుకోవాల్సినవి తక్కువ: జాబ్ (ముందు చేత్తో సూటి గుద్దు), క్రాస్ (వెనక చేత్తో సూటి గుద్దు), హుక్ (పక్క నుంచి), అప్పర్‌కట్ (కింది నుంచి), రెండు మూడు రకాల తప్పించుకోవడాలు, అడుగులు. తక్కువ కాబట్టి ఒక్కోటీ వేల సార్లు పడుతుంది. వారానికి మూడు రోజులు వదలకుండా వెళ్తే ఆరు నెలలకి, శిక్షణ లేని మనిషి విసిరే గుద్దు ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపించే స్థాయి వస్తుంది. జిల్లా స్టేడియం కోచింగ్‌ను తక్కువగా చూడకండి. నిఖత్ జరీన్, మహమ్మద్ హుసాముద్దీన్ ఇద్దరూ నిజామాబాద్‌లో మొదలుపెట్టినవాళ్ళే. ఒక చిక్కు మాత్రం ఉంది. అక్కడి కోచ్ దృష్టి పోటీలకి వెళ్ళే పిల్లల మీద ఉంటుంది, ముప్ఫై దాటినవాళ్ళని పంచింగ్ బ్యాగ్ దగ్గర వదిలేస్తారు. మొదటి రోజే "సార్, పోటీలు వద్దు, కానీ జంట సాధన కావాలి" అని చెప్పండి.

కొనాల్సినవి మూడు. ముందు చేతికి చుట్టుకునే ర్యాప్స్, నాలుగున్నర మీటర్లవి. రెండున్నర మీటర్లవి పెద్దవాళ్ళ చేతికి చాలవు. బొటనవేలికి లూప్ తగిలించి, మణికట్టు చుట్టూ మూడు చుట్లు, మెటికల మీద మూడు చుట్లు, వేళ్ళ సందుల్లోంచి ఒక్కో చుట్టు, బొటనవేలికి ఒకటి, మిగిలింది మళ్ళీ మణికట్టుకి. చుట్టేటప్పుడు వేళ్ళు బాగా చాపి ఉంచాలి. పిడికిలి బిగించి చుడితే తర్వాత చెయ్యి తిమ్మిరెక్కుతుంది. రెండోది గ్లోవ్స్. బ్యాగ్‌కి 12 ఔన్సులు సరిపోతాయి గానీ, మీ బరువుకి స్పారింగ్‌లో 16 ఔన్సులే వాడాలి. ఒక్క జతే కొనేట్టయితే 16 కొనండి. మూడోది మౌత్‌గార్డ్, వేడినీళ్ళలో ముంచి పంటికి అచ్చు తీసుకునే రకం. ప్యాకెట్ మీద రాసిన సెకన్లే ముంచండి, ఎక్కువసేపు ఉంచితే ముద్దయిపోతుంది. నోరు తెరిచినా పై పళ్ళకి అంటుకునే ఉంటే సరిగ్గా కుదిరినట్టు.

మొదటి రెండు నెలల్లో జరిగే తప్పులు దాదాపు అందరికీ ఒకటే. జాబ్ వేసిన చెయ్యి చెంప దగ్గరికి తిరిగి రాకుండా నడుము దగ్గరికి జారుతుంది, ఆ ఖాళీలోంచే ఎదుటివాడి కుడి గుద్దు వస్తుంది. గుద్దే క్షణంలో ఊపిరి బిగపడతారు, రెండో నిమిషానికే దమ్ము అయిపోతుంది. గుద్దు చూపుడువేలు, మధ్యవేలు మెటికలతో తగలాలి. చిటికెనవేలి వైపు తగిలితే ఆ వైపు అరచేతి ఎముక విరుగుతుంది. గుద్దు తగిలే చోట మణికట్టు, మోచెయ్యి ఒకే గీతలో లేకపోతే మణికట్టు మడత పడుతుంది. అందుకే మొదటి నెల బ్యాగ్‌ని సగం బలంతోనే కొట్టండి.

మోకాలి గురించి: సిమెంట్ గచ్చు మీద తాడాట వద్దు, రబ్బరు మ్యాట్ మీద ఆడండి. నేల నుంచి అంగుళం లేస్తే చాలు. మొదటి రెండు వారాలు ఒక్క నిమిషం చొప్పున మూడు సార్లు, అంతకు మించకండి. క్రాస్ వేసేటప్పుడు వెనక పాదం మడమ లేచి తిరగాలి. పాదం నేలకి అతుక్కుని నడుము మాత్రం తిరిగితే ఆ మెలి అంతా మోకాలే భరిస్తుంది.

తెల్ల జూడోగి

రౌండు గారు చెప్పిన కొలబద్దతో ఏకీభవిస్తాను. ముగింపుతో మాత్రం కాదు. వీధిలో గొడవ ఎక్కువసేపు గుద్దుల దూరంలో ఉండదు. కాలర్ పట్టుకుంటారు, మెడ మీద చెయ్యేస్తారు, ఇద్దరూ అల్లుకుపోతారు. అక్కడ ఎవరు నిలబడతారో, ఎవరు పడతారో తేల్చేది జూడో, కుస్తీ. కానో జిగోరో 1882లో టోక్యోలో కొడోకాన్ అనే జూడో పాఠశాల పెట్టినప్పుడు పాత జుజుత్సులోంచి గాయాలు చేసే పట్లను పక్కనపెట్టి, పూర్తి బలంతో సాధన చేయడానికి వీలైనవి ముందుకు తెచ్చాడు. ఆ పద్ధతి వల్లే జూడో నేర్చినవాడికి పట్టు నిజంగా పనిచేస్తుంది.

ఇంకో లాభం పడడం నేర్చుకోవడం. గుద్దుకునే అవసరం జీవితంలో ఎప్పుడూ రాకపోవచ్చు గానీ, తడి బాత్రూమ్‌లో జారడం, బండి మీంచి పడడం ఎవరికైనా వస్తాయి. ముందు కూర్చున్న భంగిమలో వెనక్కి దొర్లుతారు, తర్వాత గొంతుక్కూర్చుని, ఆ తర్వాత నిలబడి. గడ్డం ఛాతీకి ఆనించి పొత్తికడుపు వైపు చూడాలి, లేకపోతే తల వెనక్కి కొట్టుకుంటుంది. చేతులు ఒంటికి కాస్త ఎడంగా, అరచెయ్యి నుంచి మోచెయ్యి దాకా ఒకేసారి నేలను కొట్టాలి. చెయ్యి వెనక్కి చాపి ఆపుకోబోతే మణికట్టో, జత్రుకో (కాలర్ బోన్) విరుగుతుంది. కొత్తవాళ్ళలో ఎక్కువ గాయాలు అలాగే జరుగుతాయి. కనీసం రెండు మూడు వారాలు ఇదొక్కటే చేయించని క్లబ్బులో చేరకండి.

మీ మోకాలికి నిజమైన ప్రమాదం విసిరేయించుకోవడంలో లేదు. మీ పక్కగా వచ్చి, మీ కాలి వెనక తన కాలు అడ్డం పెట్టి కూర్చుండిపోయే తాని ఓతోషి అనే పట్టుంది. కొత్తవాడు సరిగ్గా వెనక్కి లాగకుండా మీ మోకాలి మీదే కూలబడితే లిగమెంటు తెగుతుంది. "నా మీద తాని ఓతోషి వద్దు" అని జంటకి ముందే చెప్పే హక్కు మీకుంది. మంచి క్లబ్బులో దాన్ని ఎవరూ తప్పు పట్టరు.

బట్టలకి తొందరపడకండి, మొదటి నెల పాత దళసరి ట్రాక్‌సూట్‌తో రానిస్తారు. కొనేటప్పుడు కొలత సెంటీమీటర్లలో ఎత్తును బట్టి ఉంటుంది. నూలుది కాబట్టి ఉతికితే కుంచించుకుపోతుంది. మీకు 170 కన్నా 180 నయం. చన్నీళ్ళలో ఉతికి నీడలో ఆరేయండి.

జూడోకీ లోటు ఉంది. 2010 నుంచి పోటీ నిబంధనలు మారి కాళ్ళు పట్టుకోవడం పోయింది, చాలా క్లబ్బులు దాన్ని నేర్పడమే మానేశాయి. పల్చటి టీషర్టు లాగితే చిరుగుతుంది కాబట్టి, మెడ వెనక పట్టు, చంక కింది నుంచి చెయ్యి దూర్చే పట్టు ప్రత్యేకంగా అడిగి నేర్చుకోవాలి.

తామర కొలను

ఎంఎంఏ జిమ్ము గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. బ్రెజిలియన్ జుజిట్సు మూలం కూడా కొడోకానే. అక్కడి శిష్యుడు మయెదా 1914లో బ్రెజిల్ చేరాడు, గ్రేసీ కుటుంబం ఆయన దగ్గర నేర్చుకుంది. కింద పడ్డాక ఏం చేయాలో దీని అంత వివరంగా చెప్పే విద్య ఇంకోటి లేదు. తలకి దెబ్బలు ఉండవు కాబట్టి రేపు ఆఫీసుకి వెళ్ళాల్సినవాడు కూడా ఇవాళ పూర్తి బలంతో సాధన చేయగలడు. కానీ రోడ్డు మీద కావాలని వెల్లకిలా పడుకుని కాళ్ళతో పట్టుకోవడం పెద్ద తప్పు. ఎదుటివాడి స్నేహితుడు పక్కనే ఉండొచ్చు. కాబట్టి కోచ్ దగ్గర మొదట మూడు విషయాలు అడగండి: కింద పడితే లేవడం, మీద కూర్చున్నవాడిని దొర్లించడం, వెనక నుంచి మెడ పట్టు పడితే విడిపించుకోవడం.

ట్యాప్ చేయడానికి, అంటే ఓడిపోయానని చేత్తో తట్టి చెప్పడానికి సిగ్గుపడొద్దు. చెయ్యి ఖాళీ లేకపోతే నోటితో "ట్యాప్" అనండి. మోచెయ్యి పూర్తిగా చాచుకుపోయే దాకా ఆగితే ఆలస్యమైపోతుంది. మడమ మెలిపెట్టే హీల్ హుక్ మొదటి రెండేళ్ళు మీ దగ్గరికి రానివ్వకండి. అందులో నొప్పి తెలిసేలోపే మోకాలు పాడవుతుంది.

మన ఉక్కలో ఈ విద్యకి ఉన్న అసలు శత్రువు తామర. క్లాసు అయిన వెంటనే సబ్బుతో స్నానం, ఏ రోజు బట్టలు ఆ రోజే ఉతకడం, తువ్వాలు పంచుకోకపోవడం, గోళ్ళు పూర్తిగా తీసుకోవడం తప్పనిసరి. గుండ్రంగా ఎర్రటి మచ్చ కనిపిస్తే మందుల షాపులో అడిగి క్రీము తెచ్చుకోకండి. స్టెరాయిడ్ కలిసిన క్రీములు రెండు రోజులు దురద తగ్గించి, తామరను లోపల్లోపల పాకిస్తాయి, తర్వాత నెలల తరబడి వదలదు. చర్మ వైద్యులకి చూపించి, వాళ్ళు సరే అనేదాకా మ్యాట్ మీదికి వెళ్ళకండి. మ్యాట్లు రోజూ తుడుస్తున్నారా అని జిమ్ములో అడగండి. సమాధానం తడబడితే బయటికి వచ్చేయండి.

శ్రావణమేఘం

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నా వయసు 26, బరువు 52 కిలోలు. నాకూ ఇదే సలహా వర్తిస్తుందా? చాలామంది ఆడవాళ్ళకి రెండు గంటల సెల్ఫ్ డిఫెన్స్ క్లాసు చాలంటున్నారు.

తెల్ల జూడోగి

చాలదమ్మా. రెండు గంటల్లో పట్టు విడిపించే పద్ధతులు పది చూపిస్తారు. జంటగా ఉన్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వదిలేస్తారు, అందుకే అన్నీ పనిచేసినట్టు అనిపిస్తాయి. మీకన్నా 25 కిలోలు ఎక్కువున్న మనిషి గట్టిగా పట్టుకుంటే ఏది పనిచేస్తుందో తెలియాలంటే, అలాంటి మనిషితోనే వారం వారం సాధన చేయాలి. మీకు నా మొదటి సలహా జుజిట్సు, రెండోది జూడో. బరువు తేడా ఉన్నా బతికి బయటపడే మార్గాలు పట్లలోనే ఎక్కువ.

మణికట్టు పట్టుకుంటే వాడి బొటనవేలు ఎటుందో అటు తిప్పి లాగాలి. నాలుగు వేళ్ళ బలంతో పోలిస్తే బొటనవేలు వైపే బలహీనం. అదీ చెయ్యొక్కటే లాగితే రాదు, ఒళ్ళంతా అటు అడుగు వేయాలి. చేరే ముందు రెండు చూసుకోండి: క్లాసులో ఇంకా ఆడవాళ్ళు ఉన్నారా, ఎవరితో సాధన చేయాలో వద్దో మీరు చెప్తే కోచ్ వింటున్నారా. రెండోదానికి నవ్వి తీసిపారేసే చోట ఒక్క రోజు కూడా ఉండకండి.

సీలేరు

క్రావ్ మగా వర్క్‌షాపుకి కూడా ఇదే జవాబు. ఇజ్రాయెల్ సైన్యంలో రూపుదిద్దుకున్న ఆ విద్యలో తప్పు లేదు, రెండు రోజుల్లో వస్తుందనడమే తప్పు. ముఖ్యంగా కత్తి లాక్కోవడం. నిజంగా పొడిచేవాడు చెయ్యి చాచి ఉంచడు, పొడిచి వెనక్కి లాగి మళ్ళీ పొడుస్తాడు. రబ్బరు కత్తికి సుద్దపొడి రాసి, జంటని ఇష్టమొచ్చినట్టు పొడవమని చెప్పండి. మీ చొక్కా మీద ఎన్ని గీతలు పడ్డాయో చూస్తే, కత్తి కనిపించినప్పుడు పరుగే మొదటి పాఠమని మీకే తెలుస్తుంది. పర్సు అడిగితే పర్సు ఇచ్చేయండి.

చట్టం సంగతి కూడా. ఆత్మరక్షణ హక్కు ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 దాకా సెక్షన్లలో ఉంది, పాత ఐపీసీలో 96 నుంచి 106. రక్షణకి అవసరమైనంత కన్నా ఎక్కువ హాని చేయడానికి హక్కు లేదని 37 చెప్తోంది. వాడు కింద పడ్డాక మీరు తన్నే తన్ను ఆత్మరక్షణ కిందికి రాదు. శిక్షణ ఉన్నవాళ్ళు ఇది ఇంకా బాగా గుర్తుంచుకోవాలి.

కాజీపేట జంక్షన్

అందరికీ చాలా థాంక్స్. ఈ వారం మూడు చోట్లా క్లాసు చూసి వచ్చాను. జూడో క్లబ్బులో చెప్పేవారు మంచివారు. కానీ సిమెంట్ గచ్చు మీద అంగుళం మందం ఉన్న, ఒకదానికొకటి తగిలించే నురుగు మ్యాట్లే ఉన్నాయి, అక్కడక్కడా సందులు ఉన్నాయి. స్టేడియంలో పాతికమంది పిల్లలు, ఒక్క కోచ్. పెద్దవాళ్ళు నలుగురున్నారు. ఎంఎంఏ జిమ్ము శుభ్రంగా ఉంది, కానీ ఏడాది ఫీజు ముందే కట్టమంటున్నారు. బాక్సింగ్, జూడో రెండూ కలిపి మొదలుపెట్టొచ్చా? స్పారింగ్‌లో తలకి దెబ్బల గురించి కూడా కొంచెం భయంగా ఉంది. హెడ్‌గార్డ్ కొంటే సరిపోతుందా?

తెల్ల జూడోగి

ఆ మ్యాట్ల మీద పడడం నేర్చుకోవచ్చు, విసిరేయించుకోకూడదు. జూడో మ్యాట్ మామూలుగా నాలుగు సెంటీమీటర్లు ఉంటుంది, గట్టిగా ఉంటుంది. మెత్తటి నురుగు మ్యాట్ మీద 84 కిలోల మనిషి పడితే అది నొక్కుకుపోయి కింది సిమెంట్ తగులుతుంది. సందుల్లో కాలివేళ్ళు ఇరుక్కుని విరుగుతాయి. బాగుచేస్తారేమో అడగండి. అప్పటిదాకా స్టేడియానికే వెళ్ళండి. ఈ విషయంలో నా ఓటు మార్చుకుంటున్నాను.

మూడు నిమిషాల రౌండు

రెండూ ఒకేసారి వద్దు. మీ ఒంటికి మొదటి మూడు నెలలు వారానికి మూడు రోజులే ఎక్కువ. మధ్యలో ఒక్కో రోజు విరామం తప్పక ఉండాలి. ఖాళీ రోజుల్లో ఇంట్లో గోడకి ఆని కుర్చీ భంగిమలో అర నిమిషం చొప్పున నాలుగు సార్లు ఉండండి, తొడ కండరాలకి మీ డాక్టరు చెప్పిన పని అదే. మోకాలు నొప్పి పుడితే కాస్త పైకి జరిగి తక్కువ వంపుతో చేయండి. ఏడాది ఫీజు ముందే కట్టకండి, నెలకి నెల కట్టనిచ్చే చోటే చేరండి. ఎవరైనా మొదటి మూడు నెలల్లోనే ఎక్కువగా మానేస్తారు, ఆ డబ్బు తిరిగి రాదు.

హెడ్‌గార్డ్ కనుబొమ్మ చిట్లకుండా, చెవి నలగకుండా కాపాడుతుంది. తల లోపల మెదడు కుదుపును ఆపదు. మగవాళ్ళ ఎలైట్ పోటీల్లో 2013లో దాన్ని తీసేశారు, 2016 రియో ఒలింపిక్స్‌లో మగ బాక్సర్లు అది లేకుండానే ఆడారు. మీకు రక్షణ ఇచ్చేవి వేరు. మొదటి మూడు నెలలు స్పారింగే వద్దు. తర్వాత ఒంటి మీదికి మాత్రమే కొట్టుకునే రౌండ్లు, ఆ తర్వాత మీరు జాబ్, ఎదుటివాడు జాబ్, అంతే. మొహానికి మూడో వంతు బలం మించకూడదని రౌండుకి ముందే మాట్లాడుకోవాలి. ఎదుటివాడు జోరు పెంచితే మీరు పెంచొద్దు. చెయ్యెత్తి ఆపి కోచ్‌కి చెప్పండి. దెబ్బ తర్వాత తలనొప్పి, వాంతి, మసక చూపు, మాట తడబడడం ఏది కనిపించినా ఆ రోజుకి ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ఒంటరిగా బండి నడుపుకుంటూ మాత్రం వెళ్ళొద్దు. లక్షణాలన్నీ పోయినా కనీసం నెల రోజులు తలకి దెబ్బ తగిలే సాధన చేయకూడదు.

ఆ నలుగురు పెద్దవాళ్ళున్నారన్నారు కదా, వాళ్ళతో మాట్లాడి ఒకే రోజుల్లో వచ్చేలా చూసుకోండి. అయిదుగురయితే కోచ్ మీకు విడిగా అరగంట ఇవ్వడానికి ఒప్పుకుంటారు. ఆ అరగంటలో బ్యాగ్ వద్దు, ప్యాడ్లు (గుద్దులు తగిలించుకోవడానికి కోచ్ చేతులకి తొడుక్కునేవి) పట్టమని అడగండి. వారానికి ఒకసారి మూడు రౌండ్లు ఆయన ప్యాడ్లు పట్టినా, చెయ్యి జారుతున్న ప్రతిసారీ ప్యాడ్‌తో మీ చెంప మీద తడతారు. ఆ తప్పు బ్యాగ్ దగ్గర ఎవరూ మీకు చూపించలేరు.

కాజీపేట జంక్షన్

సోమ, బుధ, శుక్రవారాలు స్టేడియం ఖాయం చేసుకుంటున్నాను. ర్యాప్స్ రెండు జతలు కొనాలా?

మూడు నిమిషాల రౌండు

రెండు జతలు కొనండి. ఒకటి ఉతికి ఆరేసి ఉండాలి. వాషింగ్ మెషీన్‌లో వేసేటప్పుడు దిండు గలీబులో వేసి ముడి కట్టండి, లేకపోతే మిగతా బట్టలకి చుట్టుకుపోతాయి. గ్లోవ్స్ ఉతక్కూడదు, ఎండలోనూ పెట్టకూడదు. తోలు పగులుతుంది. లోపల పాత న్యూస్‌పేపరు ఉండలు కుక్కి, నోరు తెరిచి ఫ్యాన్ కింద పెట్టండి. బ్యాగులో మూసి ఉంచితే రెండు వారాలకే వాసన పట్టి వదలదు.